ఫ్యాక్టరీల శాఖ ఇచ్చే ‘కాంపిటెంట్ పర్సన్’ గుర్తింపు: తీసుకోదగ్గదేనా?

ప్రెషర్ వెసెల్ (ఒత్తిడిలో వాయువులనో ద్రవాలనో ఉంచే పాత్ర) వాడకానికి భద్రంగా ఉందని, ఖాళీ చేసిన రియాక్టర్‌లోకి (రసాయన చర్య జరిపే పాత్రలోకి) మనిషి దిగొచ్చని రాసి సంతకం పెట్టే అధికారం రసాయన ఫ్యాక్టరీలో అందరికీ ఉండదు. రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ గుర్తించిన కాంపిటెంట్ పర్సన్‌కే ఉంటుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టానికి 1987లో జరిగిన సవరణతో వచ్చిన ఏర్పాటు ఇది. జీడిమెట్ల, పాశమైలారం, చౌటుప్పల్ నుంచి పరవాడ, అచ్యుతాపురం దాకా మందుల కంపెనీలు, రసాయన కంపెనీలు ఉన్న ప్రతిచోటా ఈ సంతకానికి గిరాకీ ఉంది. ఆ గుర్తింపు ఎంత పటిష్ఠమైనది, దరఖాస్తు ఎక్కడ ఆగిపోతుంది, చేతికొచ్చాక పని ఎలా ఉంటుంది అన్నవి ఇక్కడ చూద్దాం.

తీర్పు ముందే చెప్పాలంటే, అర్హతల పట్టిక బాగుంది, పరికరాల విషయంలో పెట్టిన నిబంధన ఇంకా బాగుంది. బలహీనత అంతా చేతిపనిని పరీక్షించే దశ లేకపోవడంలో ఉంది. కాగితాలు సరిగా ఉన్న ప్రతివాళ్లకీ పని వచ్చని అనుకోలేం.

ఒక్క గుర్తింపుతో అన్ని సర్టిఫికెట్లూ ఇవ్వొచ్చన్నది చాలామంది మొదట పడే పొరపాటు. గుర్తింపు సెక్షన్ల వారీగా ఇస్తారు. కేంద్రం తయారుచేసిన నమూనా రూల్స్‌లో 2-ఏ కింద ఒక పట్టిక ఉంది, రాష్ట్రాలు దాని బాటలోనే నడుస్తాయి. భవనాల పటుత్వానికి సెక్షన్ 6 కింద సివిల్ లేదా స్ట్రక్చరల్ డిగ్రీ, 10 ఏళ్ల అనుభవం కావాలి. క్రేన్లు, గొలుసులు, తాళ్లకు సెక్షన్ 29 కింద మెకానికల్, ఎలక్ట్రికల్ లేదా మెటలర్జీ డిగ్రీతో 7 ఏళ్లు. సెక్షన్ 31 కింద ప్రెషర్ ప్లాంటుకు కెమికల్, మెకానికల్, ఎలక్ట్రికల్, మెటలర్జీల్లో ఏదో ఒక డిగ్రీ, 10 ఏళ్లు. సెక్షన్ 36 కింద ప్రమాదకర వాయువులున్న ఇరుకు చోట్లకు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ గానీ కెమికల్ ఇంజనీరింగ్ డిగ్రీ గానీ ఉండి, గాలి నమూనాలు తీసి విశ్లేషించడంలో, పరికరాల కాలిబ్రేషన్‌లో 7 ఏళ్ల అనుభవం ఉండాలి. దుమ్ము, ఆవిరి లాగేసే వ్యవస్థలకు మెకానికల్ లేదా ఎలక్ట్రికల్ డిగ్రీ, 7 ఏళ్లు. అంటే కెమికల్ ఇంజనీరు క్రేన్ల కోసం దరఖాస్తు పెట్టుకోవడం వృథా. మెకానికల్ ఇంజనీరు సెక్షన్ 36 అడగడమూ అంతే.

ఈ రూల్‌లో మెచ్చుకోవలసిన వాక్యం ఒకటుంది. అసాధారణ అనుభవం, పరిజ్ఞానం ఉన్నవాళ్లకు విద్యార్హతలో చీఫ్ ఇన్‌స్పెక్టర్ సడలింపు ఇవ్వొచ్చు, పరికరాల విషయంలో మాత్రం ఇవ్వకూడదు. ఎంత సరైన ఆలోచన! ముప్ఫై ఏళ్ల అనుభవమున్న మనిషికైనా రియాక్టర్ లోపల ఆక్సిజన్ ఎంతుందో ముక్కు చెప్పదు, మీటరే చెప్పాలి.

దరఖాస్తు అందిన 60 రోజుల్లో గుర్తించడమో, కారణాలు రాసి తిరస్కరించడమో చేయాలని నమూనా రూల్ చెబుతోంది. వయసు 62 దాటకూడదు, శరీరం పనికి తగ్గట్టు ఉండాలి. ఫ్యాక్టరీ ఉద్యోగి అయితే యాజమాన్యం సమ్మతి జతచేయాలి. ఉద్యోగులు తప్పక గుర్తుంచుకోవలసిన షరతు ఒకటుంది: దరఖాస్తులో చూపిన సంస్థను వదిలేస్తే ఆ సర్టిఫికెట్ రద్దయినట్టే. కంపెనీ మారాక పాత నంబరుతో పెట్టిన సంతకాలకు విలువ లేదు, అవి తీసుకున్న ఫ్యాక్టరీ కూడా ఇరుకున పడుతుంది.

దరఖాస్తులు ఆగిపోయే చోట్లు దాదాపు ఎప్పుడూ ఒకటే. అనుభవ పత్రంలో ‘మెయింటెనెన్స్ ఇంజనీరుగా 12 ఏళ్లు పనిచేశారు’ అని మాత్రమే ఉంటే చాలదు. ఏ రకం వెసెల్స్, ఎంత ప్రెషర్‌వి, వాటి డిజైనా, నడపడమా, పరీక్షించడమా, ఏ నెల నుంచి ఏ నెల వరకు అన్నది పత్రంలోనే ఉండాలి. పాత కంపెనీని వదిలే రోజే అలా రాయించుకోవడం మేలు, తర్వాత హెచ్‌ఆర్ వాళ్లు రాయరు. పరికరాల బిల్లులు దరఖాస్తుదారు పేరు మీదో సంస్థ పేరు మీదో ఉండాలి. స్నేహితుడి దగ్గర తెచ్చిన థిక్‌నెస్ మీటరు లెక్కలోకి రాదు. కాలిబ్రేషన్ సర్టిఫికెట్లు ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్‌వి అయితే ప్రశ్నలు తగ్గుతాయి, వాటి మీద సీరియల్ నంబరు పరికరం మీది నంబరుతో అక్షరం అక్షరం కలవాలి. నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్ (వస్తువును పాడుచేయకుండా లోపాలు పట్టే పరీక్ష) తెలుసన్న మాటకు అల్ట్రాసోనిక్, డై పెనెట్రెంట్ లెవెల్ 2 సర్టిఫికెట్లే సూటి రుజువు.

సెక్షన్ 36: ఇక్కడే ప్రాణాలు పోతాయి

ఇరుకు చోట్లోకి దిగే ముందు కాంపిటెంట్ పర్సన్ ‘తాను స్వయంగా చేసిన పరీక్ష’ ఆధారంగా రాతపూర్వక సర్టిఫికెట్ ఇవ్వాలని చట్టం అంటుంది. కెమిస్టును పంపి ఫోన్‌లో రీడింగ్ విని సంతకం పెట్టడం ఈ మాటకే విరుద్ధం. ఫ్యాక్టరీ మూడు షిఫ్టులు నడిచి గుర్తింపున్న మనిషి ఒక్కరే ఉంటే, రాత్రి షిఫ్టు కోసం ముందే సంతకం చేసిన ఖాళీ పర్మిట్ పుస్తకం తయారవుతుంది. షిఫ్టుకొకరు, సెలవులకు ఇంకొకరు, మొత్తం నలుగురికి గుర్తింపు తెప్పించుకోవడమే యాజమాన్యం చేయవలసిన పని.

నాలుగు వాయువుల డిటెక్టర్ కొంటే పని అయిపోదు. దాంట్లో మండే వాయువును కొలిచే క్యాటలిటిక్ సెన్సర్ పనిచేయడానికి గాలిలో ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ 10 శాతం కన్నా తగ్గితే ఆ రీడింగ్‌ను నమ్మకూడదు. నైట్రోజన్‌తో పర్జ్ చేసిన (లోపలి గాలిని తోసేసిన) రియాక్టర్‌లో సాల్వెంట్ ఆవిరి నిండుగా ఉన్నా ఎల్‌ఈఎల్ (గాలిలో ఆవిరి మండటానికి కావలసిన కనీస మోతాదు) రీడింగ్ సున్నా దగ్గర చూపొచ్చు. ఎప్పుడూ ముందు ఆక్సిజన్ చూసి, తర్వాతే ఎల్‌ఈఎల్ చూసేది అందుకే. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. పరిశ్రమ వాడుకలో 19.5కి తగ్గినా, 23.5 దాటినా లోపలికి దించరు. 20.9 ఉండాల్సిన చోట 20.2 వచ్చినా, ‘19.5 పైనే కదా’ అని వదిలేయకుండా కారణం వెతకాలి. ఆ తగ్గిన ఆక్సిజన్ చోటును వేరే ఏదో వాయువు ఆక్రమించి ఉండొచ్చు.

రెండో ఉచ్చు టోలుయిన్ లాంటి సాల్వెంట్లతో వస్తుంది. టోలుయిన్ ఎల్‌ఈఎల్ సుమారు 1.1 శాతం, అంటే 11,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 11,000 భాగాలు). డిటెక్టర్ ‘ఎల్‌ఈఎల్‌లో 10 శాతం’ చూపిందంటే లోపల 1,100 పీపీఎం ఉన్నట్టు. ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్‌లో 8 గంటల సగటు పరిమితి 100 పీపీఎం, స్వల్ప కాలానికి 150. నిప్పు అంటుకోదన్న కొలత ఊపిరి పీల్చడానికి పనికిరాదు. పైగా మీథేన్‌తో కాలిబ్రేట్ చేసిన డిటెక్టర్ టోలుయిన్‌ను అసలు కన్నా బాగా తక్కువ చూపుతుంది, తయారీదారు ఇచ్చిన కరెక్షన్ ఫ్యాక్టర్‌తో గుణించాలి. పీపీఎం స్థాయిలో చూడాలంటే పీఐడీ (ఆవిరిని అతినీలలోహిత దీపంతో అయనీకరించి కొలిచే) మీటరు కావాలి. అదీ అన్నిటికీ సరిపోదు. మామూలుగా దొరికే 10.6 ఎలక్ట్రాన్ వోల్టుల దీపం మెథనాల్‌ను, మన మందుల కంపెనీల్లో ఎండీసీ అని పిలిచే డైక్లోరోమీథేన్‌ను పట్టుకోలేదు, వాటి అయనీకరణ శక్తి అంతకన్నా ఎక్కువ. ఎండీసీ వాడిన రియాక్టర్‌లో పీఐడీ సున్నా చూపిందని సంతకం పెట్టిన మనిషి ఏమీ కొలవకుండా పెట్టినట్టే. అక్కడ ఆ రసాయనానికి తగిన రంగు మారే డిటెక్టర్ ట్యూబులు వాడాలి. సిలికోన్ ఆవిరి, క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు క్యాటలిటిక్ సెన్సర్‌ను పాడుచేస్తాయి కూడా. ప్రతిరోజూ వాడే ముందు తెలిసిన గ్యాస్‌తో బంప్ టెస్ట్ (సెన్సర్ స్పందిస్తోందో లేదో చూసే పరీక్ష) చేయాలనేది ఇందుకే.

నమూనా మ్యాన్‌హోల్ దగ్గరే తీస్తే చాలదు. పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా తీయాలి. సాల్వెంట్ ఆవిర్లు, హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కన్నా బరువు, అడుగున కూర్చుంటాయి. 6 మీటర్ల గొట్టం వాడితే గాలి సెన్సర్ దాకా రావడానికి, రీడింగ్ నిలవడానికి టైం పడుతుంది. ఒక్కో చోట కనీసం రెండు నిమిషాలు ఆగాలి. అడుగున మడ్డి ఉంటే దాన్ని కదిపాక మళ్లీ కొలవాలి, కదిపినప్పుడే లోపల చిక్కుకున్న ఆవిరి బయటికొస్తుంది. నైట్రోజన్ లైనుకు వాల్వ్ కట్టేసి ఊరుకోకూడదు. స్పూల్ (మధ్యలోని పైపు ముక్క) విప్పేయడమో, బ్లైండ్ (దారి పూర్తిగా మూసే బిళ్ల) వేయడమో చేశాకే పరీక్ష మొదలుపెట్టాలి. లోపలికి తీసుకెళ్లే చేతిదీపం 24 వోల్టులు దాటకూడదని సెక్షన్ 36-ఏ చెబుతుంది, మండే వాయువుకు అవకాశముంటే అది ఫ్లేమ్‌ప్రూఫ్ కూడా అయ్యుండాలి. మధ్యాహ్నం భోజనానికి పైకొచ్చి తిరిగి దిగే ముందు ఉదయం రీడింగ్ చెల్లదు.

సెక్షన్ 31: ప్రెషర్ ప్లాంటు

నమూనా రూల్ ప్రకారం వెసెల్‌ను 6 నెలలకోసారి బయటి నుంచి, 12 నెలలకోసారి లోపలి నుంచి చూడాలి, 4 ఏళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీళ్లు నింపి ఒత్తిడి పెట్టే పరీక్ష) చేయాలి. లోపల చూడటానికి వీలుకాని నిర్మాణమైతే హైడ్రో టెస్ట్ 2 ఏళ్లకే వస్తుంది. టెస్ట్ ప్రెషర్ డిజైన్ ప్రెషర్‌కు 1.25 రెట్లు గానీ, గరిష్ఠ వర్కింగ్ ప్రెషర్‌కు 1.5 రెట్లు గానీ, ఏది తక్కువైతే అది. డిజైన్ చదరపు సెంటీమీటరుకు 6 కిలోలు, వర్కింగ్ 4 కిలోలు అయితే మొదటి లెక్క 7.5, రెండోది 6. టెస్ట్ 6 దగ్గర చేస్తారు.

ఈ రూల్‌లో ఎవరూ పట్టించుకోనిది గేజ్ గురించిన మాట. డయల్ పరిధి వర్కింగ్ ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లకు తగ్గకూడదు, రెండు రెట్లు దాటకూడదు, గరిష్ఠ వర్కింగ్ ప్రెషర్ దగ్గర ఎర్ర గీత ఉండాలి. 4 కిలోల వెసెల్‌కు 0–7 గేజ్ సరిపోతుంది. స్టోర్‌లో ఉంది కదా అని 0–16 బిగిస్తే ముల్లు డయల్‌లో మొదటి పావు దగ్గరే తిరుగుతుంది, అర కిలో తేడా కంటికి ఆనదు. టెస్ట్ గేజ్ తగిలించుకోవడానికి విడిగా ఒక నిపుల్, వాల్వ్ ఉండాలని కూడా రూల్ ఉంది. అది లేకపోతే రిపోర్టులో రాయడానికి మొహమాటపడొద్దు.

హైడ్రో టెస్ట్‌లో గాలి మిగలకుండా అన్నిటికన్నా పైనున్న నాజిల్ నుంచి వదలాలి. నీళ్లు దాదాపు కుంచించుకోవు గనక వెసెల్ పగిలినా కారుతుంది. లోపల గాలి ఇరుక్కుంటే అదే పేలుడు అవుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే బోరు నీళ్లు పోయకండి. క్లోరైడ్ 50 పీపీఎం లోపు ఉండేలా డీఎం (లవణాలు తీసేసిన) నీళ్లు వాడి, పని కాగానే ఆరబెట్టాలి. లేకపోతే టెస్ట్ పాసైన వెసెల్‌కే కొన్నాళ్లకు సన్నని పగుళ్లు వస్తాయి. 10 మీటర్ల ఎత్తున్న కాలమ్‌లో నీటి బరువే అడుగున దాదాపు ఒక బార్ కలుపుతుంది, గేజ్ ఎక్కడ పెట్టారో చూసి లెక్కవేయాలి.

జాకెట్ (వేడి చేయడానికో చల్లార్చడానికో చుట్టూ ఉండే పొర) ఉన్న రియాక్టర్‌లో జాకెట్ కూడా ఒక ప్రెషర్ వెసెలే. రిపోర్టులో షెల్ ఒక్కటే రాసి జాకెట్‌ను వదిలేయడం చాలా చోట్ల కనిపించే లోపం. జాకెట్‌ను ప్రెషర్ పెట్టి పరీక్షించేటప్పుడు లోపలి షెల్ మీద బయటి నుంచి ఒత్తిడి పడుతుంది. లోపల వాక్యూమ్ ఉన్నా, డ్రాయింగ్‌లో అనుమతించిన దానికన్నా ఎక్కువ పెట్టినా షెల్ లోపలికి నొక్కుకుపోతుంది. గ్లాస్ లైన్డ్ రియాక్టర్ అయితే నేమ్‌ప్లేట్ అంకెలు దాటకూడదు, తర్వాత గాజు పూతలో లోపాలను విద్యుత్తుతో పట్టుకునే స్పార్క్ టెస్ట్ చేయాలి.

థిక్‌నెస్ కొలతలో మోసపోయేది పెయింట్ దగ్గర. ఉక్కులో శబ్దం సెకనుకు దాదాపు 5,900 మీటర్ల వేగంతో వెళ్తుంది, పెయింట్‌లో అందులో సగం కూడా ఉండదు. మామూలు పద్ధతిలో కొలిస్తే 0.4 మిల్లీమీటర్ల పెయింట్ పొర 1 మిల్లీమీటరు ఉక్కులా కనిపిస్తుంది. 6.4 మిగిలిన గోడ 7.4 అని నమోదవుతుంది. పెయింట్ గీకి కొలవాలి, లేదా పొరను దాటి కొలిచే ఎకో టు ఎకో మీటరు వాడాలి. కొలిచే చోట్లను స్కెచ్ మీద గుర్తించి ప్రతిసారీ అక్కడే కొలవాలి. అడుగు డిష్, అవుట్‌లెట్ చుట్టూ, లిక్విడ్ లెవెల్ గీత, ఇన్‌లెట్ ధార తగిలే ఎదురు గోడ, ఇన్సులేషన్ కింద లగ్గుల దగ్గర తప్పక ఉండాలి. రెండేళ్లలో 8.0 నుంచి 7.4కు వచ్చిందంటే ఏడాదికి 0.3 అరుగుదల. కనీసం 6.5 ఉండాలంటే మిగిలింది 3 ఏళ్లు. ఈ లెక్క లేని థిక్‌నెస్ రిపోర్టు అంకెల జాబితా, అంతే.

సేఫ్టీ వాల్వ్ కింద రప్చర్ డిస్క్ (ప్రెషర్ హద్దు దాటితే పగిలే పల్చని బిళ్ల) ఉంటే రెండిటి మధ్య గేజ్ ఉందో లేదో చూడండి. డిస్క్‌కు సూదిమొన అంత రంధ్రం పడితే మధ్యలో ప్రెషర్ చేరుతుంది, అప్పుడు డిస్క్ తన రేటింగ్ దగ్గర పగలదు, ఇంకా పైకి వెళ్లాకే పగులుతుంది.

గుర్తింపుకు అందనివి

2025 జూన్ 30న పాశమైలారంలో సెల్యులోజ్ పొడి తయారుచేసే ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. పొడి పదార్థాలు ఆరబెట్టే ఫ్యాక్టరీలు మన దగ్గర ఎన్నో ఉన్నా, దుమ్ము లాగే వ్యవస్థలను పరీక్షించే గుర్తింపు కోసం ముందుకొచ్చేవాళ్లు తక్కువ. చేతిలో ఎనిమోమీటరు, మానోమీటరు ఉండి, హుడ్ దగ్గర గాలి వేగం, ఫిల్టర్‌కు ఇటూ అటూ ప్రెషర్ తేడా, డక్ట్ వంపుల్లో పేరుకున్న పొడి చూడగలిగినవాళ్లు ఈ విభాగంలోకి రావాలి.

రెండో లోటు నిల్వ ట్యాంకులది. విశాఖ దగ్గర ఆర్‌ఆర్ వెంకటాపురంలో 2020 మే 7న స్టైరిన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఉష్ణోగ్రత కొలత ట్యాంకు అడుగునే ఉండటం, పాలిమరైజేషన్‌ను ఆపే రసాయనం సరిపడా లేకపోవడం ప్రభుత్వ హైపవర్ కమిటీ ఎత్తిచూపిన కారణాల్లో ఉన్నాయి. అలాంటి ట్యాంకు వాతావరణ పీడనం దగ్గర ఉంటుంది గనక ప్రెషర్ ప్లాంటు సర్టిఫికెట్ దాని జోలికి రాదు. సెక్షన్ 31 సర్టిఫికెట్ల ఫైలు నిండుగా ఉందని ఫ్యాక్టరీ భద్రంగా ఉందనుకోవడం అందుకే ప్రమాదం.

ఫీజు ఇచ్చేది పరీక్షింపజేసుకునే ఫ్యాక్టరీయే. వెసెల్‌కు ఇంత అని అతి తక్కువ రేటు కోట్ చేసి ఒక్క రోజులో నలభై వెసెల్స్ ముగించారంటే లోపలికి ఎవరూ దిగలేదని అర్థం. ఖాళీ చేయడం, కడగడం, బ్లైండ్లు, గ్యాస్ పరీక్ష, లోపల చూడటం కలిపితే ఒక్క రియాక్టర్‌కే సగం పూట పోతుంది. సర్టిఫికెట్‌తో పాటు స్కెచ్, పరికరాల సీరియల్ నంబర్లు, లోపలి ఫోటోలు అడిగే ఫ్యాక్టరీ సరైన మనిషిని ఎంచుకుంటుంది.

హద్దులు కూడా తెలిసుండాలి. 1,000 లీటర్లు దాటిన ఎల్పీజీ, అమ్మోనియా నిల్వ బుల్లెట్లు కేంద్రం చేతిలోని పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత సంస్థ) పరిధిలోకి, కదలని, కదిలే ప్రెషర్ వెసెల్స్‌కు వర్తించే 2016 నాటి ఎస్‌ఎంపీవీ రూల్స్ కిందికి వస్తాయి. వాటికి నాగ్‌పూర్‌లోని చీఫ్ కంట్రోలర్ ఇచ్చే గుర్తింపు వేరే తీసుకోవాలి. అక్కడ హైడ్రో టెస్ట్ 5 ఏళ్లకు, విషవాయువులు, తుప్పు పట్టించే వాయువులైతే 2 ఏళ్లకు. బాయిలర్లది వేరే చట్టం. ఫ్యాక్టరీల శాఖ గుర్తింపుతో ఈ రెండిటి మీదా సంతకం పెట్టకూడదు.

ఇప్పుడు దరఖాస్తు చేసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. 2025 నవంబర్ 21న ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం కోడ్ అమల్లోకి వచ్చింది. కోడ్‌కు విరుద్ధం కానంత మేరకు పాత రూల్స్ కొనసాగుతాయి. అందుకని ఫారం, ఫీజు, గడువు ఏవో దరఖాస్తు పెట్టే రోజున శాఖ పోర్టల్‌లో చూసుకుని నింపండి, పాత ఫారం నకలు మీద ఆధారపడొద్దు. కెమికల్ ఇంజనీర్లయితే 36, 31 రెండూ కలిపి అడగొచ్చు. కానీ గ్యాస్ పరికరాలు పూర్తిగా చేతికి రాకముందే 36 పెట్టుకుంటే తిరస్కరణ ఖాయం. అప్పుడు 31 ఒక్కటే ముందు పెట్టుకోవడం మంచిది.